జగజ్జేతలూ కొలబద్దలూ

2024 డిసెంబరులో ఒక రోజు విజయనగర కాలపు సాహిత్యం పాఠం చెబుతూ నేను బొడ్డుచర్ల తిమ్మన ప్రసక్తి తెచ్చాను. కృష్ణదేవరాయలతో చదరంగమాడి ఎప్పుడూ తానే గెలిచేవాడని ఆయనను పొగిడే చాటుపద్యం ఒకటి తెలుగు చదువుకున్నవారందరూ ఎరిగినదే. రాయలు మెచ్చి ఆయనకు కొప్పోలు గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడని కూడా చెప్పుకుంటారు. పెనుకొండ కోట గోడలు చూస్తూ పెరిగిన పిల్లలకు, రాయలకు ఎదురుగా బల్ల ముందు కూర్చున్న ఒక తెలుగు కవిని చూపించడం నాకు ఏటా సరదా. ఆ ఏడు సరదాకు సందర్భం కూడా కుదిరింది. డిసెంబరు 12న సింగపూరులో దొమ్మరాజు గుకేశ్ అనే కుర్రవాడు చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను ఏడున్నర పాయింట్లకు ఆరున్నరగా ఓడించి, పద్దెనిమిదేళ్ళ వయసులో జగజ్జేత అయినాడు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆ మాట కూడా పాఠంలో కలిపి చెప్పాను.

పాఠం ముగిసీ ముగియకముందే వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. “సార్, తిమ్మన గొప్పోడా, గుకేశ్ గొప్పోడా?”

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వి, “ఇద్దరూ గొప్పవాళ్ళేలేప్పా” అని దాటవేశాను. అడిగినవాడు మాత్రం నవ్వలేదు. అతడెందుకు నవ్వలేదో నాకు తెలుసు. ఆ సంగతి చివర చెబుతాను. ముందు ప్రశ్నను ప్రశ్నగా తీసుకుని చూడవలసి ఉంది.

ఇది పిల్లకాయలు వేళాకోళానికి అడిగే ప్రశ్న అనుకోవడం పొరపాటు. మా బుక్కపట్నంలో చెరువుకట్ట వైపు వెళ్ళే దారిలో టీ అంగడి దగ్గర ఆ నెలంతా ఇదే చర్చ. కార్ల్‌సన్ 2023లో కిరీటాన్ని తనంతట తానే వదులుకున్నాడు కనుక గుకేశ్ గెలుపు గెలుపే కాదని ఒకరు. ఫిషర్ ముందు వీళ్ళెవరూ నిలవరని మరొకరు. కాస్పరోవ్ వయసులో ఉంటేనా అని ఇంకొకరు. సాహిత్య రంగంలో మనం చేసేదీ ఇదే. తిక్కన గొప్పా, పోతన గొప్పా అని తరాల తరబడి వాదించుకున్నాం. ఒకరిని “అందరిలోకీ గొప్పవాడు” అనడంలో రెండు తీర్పులు ఇమిడి ఉన్నాయి. మనిషి పాటుపడి సాధించేవాటిలో ఏది గౌరవించదగింది అన్నది మొదటిది. ఆ గౌరవం ఎవరి ఖాతాలో వేయాలి అన్నది రెండవది. ఈ రెండూ నైతిక ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పకుండా జాబితాలు రాసేవాడు, తెలియకుండానే ఏదో ఒక జవాబు చెప్పేస్తున్నాడు.

మొదట తిమ్మననూ గుకేశ్‌నూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే ప్రయత్నం చేద్దాం. మొట్టమొదటి అడ్డంకి ఏమిటంటే, వాళ్ళిద్దరూ ఆడింది ఒకే ఆట కాదు. మధ్యయుగాల చదరంగంలో మంత్రి ఐమూలగా ఒక్క గడి కదిలే బలహీనపు పావు. ఐరోపాలో రాణిగా పేరు మారిన ఆ పావుకు 15వ శతాబ్ది చివరలో అన్ని వైపులా ఎంత దూరమైనా కదిలే బలం వచ్చింది. ఆ మార్పుతో ఆట వేగమే మారిపోయింది. మన దేశంలో పాత పద్ధతుల ఆట చాలా కాలం నిలిచింది; 20వ శతాబ్ది ఆరంభంలో కూడా పల్లెల్లో, సంస్థానాల్లో దేశీయ పద్ధతిలో ఆడినవారున్నారు. రెండవ అడ్డంకి ఇంకా పెద్దది. తిమ్మన ఆడిన ఆటలలో ఒక్కటీ మనకు మిగలలేదు. మిగిలినది పొగడ్త. గుకేశ్ సింగపూరులో ఆడిన పద్నాలుగు ఆటలూ, ప్రతి ఎత్తూ, ప్రతి ఎత్తుకూ పట్టిన కాలంతో సహా, ఎవరైనా చూసుకోవచ్చు. ఒకవైపు రాజాశ్రయంలో పుట్టిన చాటువు, మరొకవైపు నిమిషాల లెక్కతో సహా దస్తావేజు. ఈ రెంటికీ మధ్య పోలిక పెట్టడానికి కొలబద్ద ఏది?

కొలబద్దలు మూడు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ పరీక్షించి చూద్దాం.

మొదటిది ఆట బలం. ఎవరు ఎక్కువ సరైన ఎత్తులు వేస్తారో వారే గొప్ప. ఈ లెక్కన వాదానికి చోటు లేదు, తరవాతివాడే గొప్ప. 1886లో తొలి అధికారిక జగజ్జేత అయిన స్టైనిట్జ్‌కు తెలియని సంగతులు ఇవాళ చురుకైన కళాశాల విద్యార్థికి పుస్తకంలో దొరుకుతాయి. అయితే ఈ కొలబద్దను చివరి దాకా పట్టుకుని నడిస్తే ఎక్కడికి చేరుతామో చూడండి. 1997 మే నెలలో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ అనే యంత్రం ఆరు ఆటల పోటీలో కాస్పరోవ్‌ను మూడున్నరకు రెండున్నరగా ఓడించింది. ఇప్పుడు జేబులో పట్టే ఫోను ఏ జగజ్జేతనైనా ఓడిస్తుంది. బలమే గొప్పతనమైతే చరిత్రలోకెల్లా గొప్ప ఆటగాడు ఆ ఫోను. కాని ఫోనుకు ఎవరూ పూలదండ వేయరు. లారీ మనిషి కంటె వేగంగా పోతుందని పరుగు పందెంలో లారీకి పతకం ఇవ్వం. మనం గౌరవించేది ఎత్తును కాదు, ఆ ఎత్తు కనిపెట్టడానికి ఒక మనిషి అలసట, భయం, అజ్ఞానం అనే హద్దులలో పడిన పాటును. కనుక ఈ కొలబద్ద పనికిరాదు. తరవాత పుట్టడం ఎవరి ప్రతిభా కాదు.

రెండవది సమకాలికుల మీద ఆధిక్యం. ఎవరి కాలంలో వారిని ఉంచి, తోటివారి కంటె ఎంత ఎత్తున ఉన్నాడో చూడాలి. ఇది మొదటిదాని కంటె న్యాయమైనదే. హంగెరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాద్ ఎలో అనే ఆచార్యుడు తయారుచేసిన రేటింగు పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఎవరిని గెలిచావు, ఎవరితో ఓడిపోయావు అన్నదాన్ని బట్టి అంకె పెరుగుతుంది, తరుగుతుంది. 1972లో ఫిషర్ అంకె 2785. అతని తరవాతివాడైన స్పాస్కీది 2660. మధ్య 125 పాయింట్లు. దానికి ముందటి ఏడు అర్హత పోటీలలో తైమనోవ్‌నూ, లార్సెన్‌నూ చెరి ఆరు ఆటలలోనూ వరసగా ఓడించాడు. అంతటి అంతరం గొప్పతనం కాదని ఎవరంటారు?

అయినా ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఆ అంకెలు ఆ కాలపు ఆటగాళ్ళ గుంపులో పరస్పరం పోల్చుకోవడానికి పుట్టినవి. కాలాలు దాటించడానికి కావు. 2024 డిసెంబరు జాబితాలో మన వరంగల్లు కుర్రవాడు ఎరిగైసి అర్జున్ 2801కి చేరాడు. భారతీయులలో ఆనంద్ తరవాత 2800 గీత దాటిన రెండవవాడు. సంతోషించవలసిన సంగతి. కాని 2801 అంకె 2785 కంటె పెద్దది కనుక అర్జున్ ఫిషర్ కంటె గొప్ప అని అర్జున్ కూడా అనడు. పదిమంది ఈదే గుంటలో మొదటివాడికీ, పదివేలమంది ఈదే నదిలో మొదటివాడికీ తేడా ఉంది. గట్టు మీద నిలబడి ఎంత ముందున్నాడో కొలిస్తే అది తెలియదు.

రెండవ చిక్కు, ఆ గుంపులోకి ఎవరిని రానిచ్చారు అన్నది. లాస్కర్ 1894 నుంచి 1921 దాకా ఇరవై ఏడేళ్ళు జగజ్జేతగా ఉన్నాడు. అంతకాలం మరెవరూ లేరు. అయితే 1897కూ 1907కూ మధ్య ఆయన కిరీటాన్ని పణంగా పెట్టి ఒక్క పోటీ కూడా ఆడలేదు. ఆ రోజులలో ఎవరితో ఆడాలో, ఎంత సొమ్ముకు ఆడాలో విజేతే నిర్ణయించేవాడు. ఆయన తరవాత వచ్చిన కాపబ్లాంకా హయాంలో, 1922లో కుదిరిన నిబంధనల ప్రకారం సవాలు చేసేవాడు పదివేల డాలర్ల బహుమతి ధనం సమకూర్చుకోవాలి. ఎత్తులు వేయగలిగితే చాలదు, ధనికులను ఆశ్రయించగలిగి ఉండాలి. 1948లో సమాఖ్య బాధ్యత తీసుకున్న తరవాతనే సవాలు చేసే హక్కు ఆటలో గెలుచుకోదగిన వస్తువైంది. కనుక 1948కి ముందు “సమకాలికుల మీద ఆధిక్యం” అన్నప్పుడు, ఏ సమకాలికులు? డబ్బు పుట్టినవారా, పుట్టనివారు కూడానా?

యంత్రాల చేత ఈ తగవు తీర్పించాలని చూసినవారూ ఉన్నారు. 2006లో స్లొవేనియా శాస్త్రజ్ఞులు గీద్, బ్రాత్కో జగజ్జేతల ఆటలను కంప్యూటరుకిచ్చి, ఎవరి ఎత్తులలో పొరపాటు తక్కువో లెక్క కట్టించారు. కాపబ్లాంకా ముందు నిలిచాడు. ఆయన పేరు చూసి సంతోషించినవారున్నారు. చిక్కులేని స్థితులను కోరి తెచ్చుకునేవాడికి పొరపాట్లు తక్కువేనని ఆక్షేపించినవారున్నారు. తాల్ ఉద్దేశపూర్వకంగా బల్లను గందరగోళం చేసి, ఆ చీకటిలో తాను మాత్రమే నడవగలనని నమ్మేవాడు. ఆయన బలిదానాలలో కొన్ని తప్పులని తరవాత తేలింది. ఎదుట కూర్చున్నవాడికి మాత్రం ఆ క్షణాన తేలలేదు. పొరపాటు చేయనివాడు గొప్పా, ఎదుటివాడిని కొత్త ప్రశ్న ముందు నిలబెట్టినవాడు గొప్పా? ఇది యంత్రం తీర్చే తగవు కాదు. ఏది విలువైనదో మనం ముందే నిర్ణయించి ఇస్తేనే యంత్రం కొలిచిపెడుతుంది.

ఇక్కడి దాకా వచ్చాక మన మిత్రులలో చాలామంది ఒక సులభమైన ముగింపుకు వస్తారు. “కాలమే మనిషిని తయారుచేస్తుంది, గొప్పతనమంతా సాంఘిక పరిస్థితులదే, వ్యక్తుల పోలిక బూర్జువా ఆరాధన” అంటారు. ఉదాహరణ కూడా సిద్ధంగా ఉంటుంది. 1925లో మాస్కోలో సోవియట్ ప్రభుత్వం తన ఖర్చుతో అంతర్జాతీయ పోటీ నడిపింది. చదరంగాన్ని పయొనీర్ భవనాలకూ, కార్మిక సంఘాలకూ తీసుకుపోయింది. 1948 నుంచి 1972 దాకా జగజ్జేతలందరూ సోవియట్ ఆటగాళ్ళే. రుజువు ఇంకేం కావాలి?

ఈ ఉదాహరణలో నిజం ఉంది. కాని ఆ నిజాన్ని పూర్తిగా చెప్పాలి. ఆ ఉద్యమాన్ని నడిపిన క్రిలెంకోను 1938లో ఆ ప్రభుత్వమే కాల్చివేసింది. చదరంగానికి బల్లలు పంచిన చేతులూ, మనుషులను మాయం చేసిన చేతులూ ఒకే రాజ్యానివి. ఒకదాన్ని చెప్పి రెండవదాన్ని మింగే చరిత్ర అభ్యుదయ చరిత్ర కాదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. పరిస్థితులే అన్నీ చేస్తే, ఒకే వ్యవస్థ నుంచి ఒకే కాలంలో తాల్, పెత్రోస్యాన్ అనే ఇద్దరు ఎట్లా వచ్చారు? రీగా నుంచి వచ్చిన తాల్ 1960లో నిప్పులు కురిపించి కిరీటం గెలిచాడు. యుద్ధకాలంలో తల్లిదండ్రులను పోగొట్టుకుని తిబిలిసి వీధులు ఊడ్చిన పెత్రోస్యాన్ 1963లో, ఎదుటివాడి ఆలోచన పుట్టకముందే దాన్ని అడ్డుకునే రక్షణతో, అదే కిరీటం గెలిచాడు. వ్యవస్థ వారికి బల్లనూ గురువులనూ ఇచ్చింది. ఆ బల్ల మీద ఏమి చేయాలో చెప్పలేదు. వ్యక్తి చరిత్ర గమనాన్ని మళ్ళించలేకపోయినా దాని మీద తన ముద్ర వేయగలడని ప్లెఖనోవ్ 1898లోనే వాదించాడు. మనవాళ్ళు ఆ వ్యాసంలో మొదటి సగం జ్ఞాపకం పెట్టుకుని రెండవ సగం మరచిపోతుంటారు.

మన అలంకారికులు కావ్యహేతువులు మూడన్నారు: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం. భావవాది ప్రతిభ ఒక్కటే చూస్తాడు, పుట్టుకతో వచ్చిందంటాడు, రాని వారిని చేయగలిగింది లేదంటాడు. యాంత్రిక భౌతికవాది వ్యుత్పత్తిని, అభ్యాసాన్ని చూసి, వాటిని సమాజం ఇస్తుందంటాడు. ప్రతిభ అన్న మాట వినగానే ఉలిక్కిపడతాడు. మూడూ కలిస్తేనే కార్యమని పాతవారు చెప్పినది వీళ్ళిద్దరి కంటె శాస్త్రీయంగా ఉంది.

ఇక మూడవ కొలబద్ద. ఒక ఆటగాడు తాను ఆడడం మొదలుపెట్టిన నాటికీ, మానుకున్న నాటికీ, అందరికీ చెందిన జ్ఞానంలో ఎంత పెంచాడు? తరవాతివారు ఎక్కడ మొదలుపెట్టేటట్లు చేశాడు? నాకు ఇదే సరైన కొలబద్ద అనిపిస్తున్నది. ఫ్రెంచి సంగీతకారుడు ఫిలిడోర్ 1749లో అచ్చువేసిన పుస్తకంలో, అందరూ ఆహుతి ఇచ్చేందుకే పుట్టాయనుకునే బంట్లను ఆటకు మూలాధారంగా చూపించాడు. ఆయన కాలపు ఎత్తులలో చాలావాటిని నేటివారు ఒప్పరు. కాని బంట్ల బారును చూసి ఎత్తు ఆలోచించే ప్రతి ఆటగాడూ ఆయనకు బాకీ. స్టైనిట్జ్ అంతకు ముందు వీరవిహారంగా ఉన్న ఆటలో, దాడి చేయడానికి హక్కు చిన్న చిన్న అనుకూలతలను కూడబెట్టుకున్నవాడికే వస్తుందన్న సూత్రం నిలబెట్టాడు. 1900లో న్యూయార్కులో, మతి చలించి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. ఆయన కూడబెట్టింది తనకోసం కాలేదు. నూటపాతికేళ్ళుగా ప్రపంచంలో ఆట నేర్చుకునే ప్రతివాడూ దాన్ని ఖర్చు పెట్టుకుంటున్నాడు, అయినా తరగడం లేదు.

ఈ కొలబద్దతో చూస్తే గుకేశ్ గెలుపు కూడా వేరుగా కనిపిస్తుంది. 1972లో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో తాల్ పేరిట ఒక చదరంగ క్లబ్బు వెలిసింది. 1961లోనే మన దేశపు తొలి అంతర్జాతీయ మాస్టరైన మాన్యుయెల్ ఆరన్ దానికి ఆయువుపట్టు. 1969లో పుట్టిన ఆనంద్ చిన్నతనంలో ఆ క్లబ్బులో ఆడి పెరిగాడు. 1988లో దేశపు మొదటి గ్రాండ్‌మాస్టర్ అయినాడు. 2007 నుంచి 2013 దాకా జగజ్జేతగా ఉన్నాడు. ఆయన 2020లో యువకుల కోసం ఆరంభించిన శిక్షణాలయంలో మొదటి విడత విద్యార్థులలో గుకేశ్ ఒకడు. 1972లో ఒక్క గ్రాండ్‌మాస్టర్ కూడా లేని దేశంలో 2025 జూలై నాటికి ఎనభై ఎనిమిది మంది అయినారు. రీగా కుర్రవాడి పేరు మద్రాసులో ఒక గదికి పెట్టడం, ఆ గదిలో ఒక పిల్లవాడు సాయంకాలాలు గడపడం, ఆ పిల్లవాడు పెద్దవాడై మరికొందరు పిల్లలను కూర్చోబెట్టుకోవడం, వారిలో ఒకడు సింగపూరులో గెలవడం: ఇది ఒక వంశవృక్షం కాదు, ఒకరి తరవాత ఒకరు కట్టపెంచిన చెరువు.

చెరువు అన్న మాట మా ఊరివాడిగా అన్నాను. చిత్రావతి మీద ఉన్న మా చెరువు పెద్దది. ఊరు బుక్కరాయల పేరు మోస్తుంది. కట్ట మీద మన్ను మోసిన తట్టలకు పేర్లు లేవు. చెరువు నిండిన ఏడు ఎవరైనా కట్ట మీద నిలబడి చేయి చాస్తే నీళ్ళందుతాయి. వాడి చేయి పొడుగని అనలేం. అట్లా అని వాడు చేయి చాచలేదనీ అనలేం. జగజ్జేత చేయి చాచిన మనిషి. ఆ తరవాత అతడు కట్ట మీద ఒక తట్ట మన్ను వేసిపోయాడా లేదా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

అయితే నా కొలబద్దలోనూ లోపం ఉందని ఒప్పుకోవాలి. తట్ట మన్ను వేసే అవకాశం అందరికీ రాలేదు. తిమ్మన సంగతే చూడండి. ఆయన ఏమి కనిపెట్టాడో, ఏ ఎత్తుతో రాయలను కట్టేశాడో, అదంతా ఆయనతోనే పోయింది. కారణం ఆయన అసమర్థత కాదు. రాజుగారి వినోదంగా ఉన్న ఆటను ఎత్తు ఎత్తుగా రాసి పెట్టాలని ఆ సమాజానికి తోచలేదు. పద్యాన్ని తరతరాలకు అందించే యంత్రాంగం వారికుంది. ఆటను అందించేది లేదు. అందుకే ఆటగాడు పోయి పొగడ్త మిగిలింది. అగ్రహారం ఆయన ఒక్కరికి అందింది. ఆట ఎవరికీ అందలేదు.

20వ శతాబ్దిలోకి వచ్చినా ఈ అన్యాయం వదలలేదు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ దేశీయ పద్ధతి ఆటలో పెరిగి, యువకుడయ్యాక పాశ్చాత్య నిబంధనలు నేర్చుకున్నాడు. భూస్వామి సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారంలో ఒకడుగా 1929లో లండను వెళ్ళాడు. ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయినాడు. 1932లో, 1933లో మళ్ళీ అయినాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకాను ఓడించాడు. యజమాని స్వదేశానికి తిరిగివచ్చినప్పుడు ఆయనా తిరిగివచ్చాడు. అంతటితో అంతర్జాతీయ జీవితం ముగిసింది. ఐదేళ్ళు నిండలేదు. 1966లో కన్నుమూశాడు. సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, మరణించిన యాభై ఎనిమిదేళ్ళకు. అదే ఇంటి పరివారంలోని ఫాతిమా అనే యువతి 1933లో బ్రిటిష్ మహిళా ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆమె పేరు మన జాబితాలలో వినబడదు. ఐదేళ్ళు ఆడనిచ్చి ఇరవై ఏడేళ్ళు ఆడినవాడి పక్కన నిలబెట్టి, ఎవరు గొప్ప అని అడగడం పోలిక కాదు.

ఆ రోజు తరగతి అయిపోయాక ఒక అమ్మాయి కూడా వచ్చి, “మీరు చెప్పిన పేర్లలో ఆడోళ్ళు లేరేం సార్?” అని అడిగింది. ఆ అమ్మాయి అడిగేదాకా నాకు తోచలేదని సిగ్గుతో రాస్తున్నాను. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. హంగెరీకి చెందిన జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును దాటి, అప్పటికి ఆ బిరుదు పొందిన స్త్రీలందరిలోకీ చిన్నది. అందుకోసం తండ్రి అశోక్ అధ్యాపక వృత్తి మానుకున్నాడు. ఆమె 2017లో తల్లి అయింది. కొంతకాలం పోటీలు ఆపింది. 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. 2024లో మళ్ళీ అయింది. పురుష జగజ్జేతల జీవితాలలో బిడ్డ పుట్టడం ఆటకు విరామం తెచ్చిన సందర్భం ఒక్కటి వెతకండి. 2025 జూలైలో బతూమి నగరంలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు ఫైనలులో హంపికి ఎదురుగా కూర్చున్న దివ్యా దేశ్‌ముఖ్, హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన మూడేళ్ళకు పుట్టిన పిల్ల. దివ్య గెలిచింది. ఆ గెలుపుతోనే ఆమె దేశపు ఎనభై ఎనిమిదవ గ్రాండ్‌మాస్టర్ అయింది. అక్కడ రెండు కాలాలు నిజంగానే ఒకే బల్ల ముందు కూర్చున్నాయి. ఎవరు గెలిచారో చెప్పగలం. ఎవరు గొప్ప అంటే, మొదటి దారి కొట్టినామె శ్రమను రెండవ ఆమె నడకలో కలిపి లెక్కించకుండా చెప్పలేం. మన దేశంలో ఒక ఆడపిల్ల ఆ బిరుదు పొందగలదని హంపి మొట్టమొదట రుజువు చేసిపెట్టింది. దివ్య చిన్ననాడు దాన్ని మళ్ళీ రుజువు చేయనవసరం లేకపోయింది.

కనుక నా నిర్ణయం ఇది. వేర్వేరు కాలాల జగజ్జేతలను వరస సంఖ్యలు వేసి నిలబెట్టలేం. నిలబెట్టడం న్యాయమూ కాదు. అయితే పోలికను మానుకోనవసరం లేదు. ప్రతివాడినీ మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ మొదలుపెట్టాడు? ఎంత దూరం తన కాళ్ళతో నడిచాడు? తరవాతివారికి ఏమి విడిచాడు? మొదటి ప్రశ్న సమాజాన్ని గురించింది, రెండవది వ్యక్తిని గురించింది, మూడవది ఆ రెంటికీ మధ్య బాకీని గురించింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలినా పోలిక అన్యాయమవుతుంది.

ఇక ఆ కుర్రవాడి సంగతి. ధర్మవరంలో పట్టు నేసే కూలి కుటుంబం వాళ్ళది. రోజూ బస్సులో వస్తాడు. చదరంగం మీద ప్రాణం. విద్యార్థి దశలో నేనూ కొంత ఆడినవాణ్ణి కావడంతో మధ్యాహ్నం వేళ అతనికి కొన్ని ఆటలు చూపేవాణ్ణి. ఆ ఏడు దసరాకు ముందు కళాశాలల మధ్య జరిగిన పోటీలో రెండవ రౌండులోనే ఓడిపోయి వచ్చాడు. నేను పదిమందిలో అన్నాను: “నీకంటె ముందు బ్యాచిలో అబ్బాయి ఉండేవాడు. వాడు ఫైనలు దాకా పోయినాడు. వాడి ముందు నువ్వెంత?” ఆ ముందు బ్యాచి అబ్బాయి తండ్రి ఉద్యోగస్థుడు. ఇంట్లో కంప్యూటరు ఉంది. సాయంత్రం నాలుగు గంటల నుంచి రాత్రి దాకా ఆడుకునే తీరిక ఉంది. ఈ కుర్రవాడు ఇంటికి పోయి కండెలు చుట్టాలి, తండ్రికి మగ్గం దగ్గర సాయం పట్టాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ అన్నాను. సమాజం మనిషిని తీర్చిదిద్దుతుందని తరగతిలో చెప్పే నేను, పోలిక పెట్టవలసిన చోట మొదటి ప్రశ్నను మింగేశాను.

అతడు తిరిగి ఒక్క మాటే అన్నాడు. “ఆయప్పకు పొద్దు ఉండె సార్, నాకు మగ్గం ఉండె.” ఆ తరవాత రెండు నెలలు నా గది వైపు రాలేదు. డిసెంబరులో తరగతిలో తిమ్మననూ గుకేశ్‌నూ గురించి అడిగింది అతడే. నేను నవ్వి దాటవేసింది అతని ప్రశ్ననే. అతడు అడిగింది వాళ్ళిద్దరిని గురించి కాదని అప్పుడే నాకు అర్థమైంది.

సెలవులయ్యాక నేనే అతన్ని పిలిచాను. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకున్నాను. కళాశాలలో ఒక పాత గదిని అడిగి పుచ్చుకుని నాలుగు బల్లలు వేశాం. మగ్గం పని ఉన్నవాళ్ళకు కుదిరేటట్లు మధ్యాహ్నం భోజనం వేళలో ఆడుకుంటున్నారు. గోడకు ఏ జగజ్జేత బొమ్మా పెట్టలేదు. ప్రతివాడూ తాను ఆడిన ఆటను ఎత్తు ఎత్తుగా నోటుపుస్తకంలో రాసి అక్కడే వదిలి వెళ్ళాలన్న నియమం ఒక్కటే పెట్టాం. తిమ్మనకు మిగలనిది ఈ పిల్లలకైనా మిగలాలి. ఆ నోటుపుస్తకంలో మొదటి పుటలో ఉన్నది ఆ కుర్రవాడు ఓడిపోయిన ఆట. తానెక్కడ తప్పు చేశాడో కింద అతనే రాశాడు. కింది తరగతివాళ్ళు దాన్ని చూసి నేర్చుకుంటున్నారు.